మళ్లీ అదే ట్రాకా? రేసింగ్ గేమ్‌లు తయారుచేసే పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పదిమంది కలిసి ఆడే రేసింగ్ గేమ్‌లో తర్వాతి ట్రాక్ ఏదో ఎవరు తేల్చాలి, ఎట్లా తేల్చాలి అన్నదే ఆ విషయం. రాసినవాళ్లలో చాలామంది వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల కాలేజీల్లో సొంతంగా గేమ్ కట్టుకుంటున్నవాళ్లు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పేర్లు తీసేసి ఇస్తున్నాం.

ప్రశ్న: మేం నలుగురు దోస్తులం కలిసి ఫోన్‌లో ఎనిమిది మంది ఆడే కారు రేసు గేమ్ చేస్తున్నం. 16 ట్రాకులున్నయి. ప్రతి రేసుకు ముందు రాండమ్‌గా ఒకటి తీస్తున్నం. అయినా ఆడినోళ్లందరూ "మళ్ల గదే వస్తుంది" అంటున్నరు. కోడ్‌లో తప్పుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ముందు కోడ్‌లో రెండు చోట్ల చూడండి. ట్రాకుల నంబర్లు 0 నుంచి 15 వరకు అనుకోండి. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో పూర్ణాంకాల రాండమ్ రేంజ్‌కు 0, 15 అని ఇస్తే చివరి సంఖ్య ఎప్పటికీ రాదు, అంటే మీ పదహారో ట్రాక్‌ను ఎవరూ చూసి ఉండరు. 0, 16 అని ఇవ్వాలి. అట్లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ గోడాట్‌లోని రాండ్‌ఐ రేంజ్ అట్లా కాదు, రెండు చివరలూ కలిపే తీస్తుంది, అక్కడ 0, 15 సరైనది. గోడాట్ పాత మూడో వెర్షన్ వాడుతుంటే మొదట్లో రాండమైజ్ పిలవకపోతే గేమ్ తెరిచిన ప్రతిసారీ అదే వరుస వస్తుంది.

ఈ రెండూ సరిగానే ఉంటే మీ కోడ్‌లో తప్పు లేదు. 16 ట్రాకుల్లోంచి ప్రతిసారీ కొత్తగా ఒకటి తీస్తే, నాలుగు రేసుల్లో ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం 33 శాతం. అయిదు రేసులకు అది 50 శాతం, పది రేసులకు 97 శాతం. ఆ పదింటిలో ఎక్కడో ఒకచోట అదే ట్రాక్ వెంటవెంటనే రెండుసార్లు పడే అవకాశం కూడా 44 శాతం ఉంది. కాబట్టి మీ దోస్తులు చెప్పింది నిజమే. ఆడేవాడికి కావలసింది ఇందాకటిది కాని ట్రాక్. రాండమ్‌కు ఇందాకటిదేమిటో గుర్తుండదు.

తంబోలాలో సంచిలోంచి తీసిన అంకెను మళ్లీ సంచిలో వేయరు. ఇక్కడా అదే చేయండి. 16 ట్రాకులను ఒక జాబితాలో పెట్టి కలిపేయండి, పైనుంచి ఒక్కొక్కటే తీయండి, అన్నీ అయిపోయాక మళ్లీ కలపండి. ఈ జాబితానే మన సంచి. కలపడానికి ఫిషర్–యేట్స్ పద్ధతి ఉంది. జాబితాలో చివరి స్థానం 15 నుంచి మొదలుపెట్టి కిందికి 1 దాకా రండి. ప్రతి స్థానం దగ్గర 0 నుంచి ఆ స్థానం వరకు, ఆ స్థానాన్ని కూడా కలుపుకొని, ఒక అంకె తీసి ఆ రెండు చోట్ల ఉన్నవాటిని తారుమారు చేయండి. చాలామంది ఇక్కడ ప్రతిసారీ 0 నుంచి 15 వరకు మొత్తంలోంచి తీస్తారు. చూడటానికి బాగానే కలిసినట్టుంటుంది, కానీ సమానంగా కలవదు. మూడు ట్రాకులతో లెక్క వేసి చూడండి: అట్లా తీస్తే 27 దారులు వస్తాయి, ఉండే వరుసలు 6. 27ను 6 సమానంగా భాగించదు, కాబట్టి కొన్ని వరుసలు ఎక్కువసార్లు రావాల్సిందే.

పాత సంచి చివరి ట్రాక్ కొత్త సంచిలో మొదటిదై కూర్చునే ప్రమాదం ఇంకా ఉంది. కొత్తగా కలిపిన వెంటనే మొదటి మూడు స్థానాలు చూడండి. పాత సంచిలోని చివరి మూడింటిలో ఏదైనా అక్కడ కనబడితే దాన్ని జాబితా రెండో సగంలో ఎక్కడికైనా తోసేయండి. ఇంతకుమించి అవసరం లేదు.

ఇక సంచి ఎవరిది అన్నది తేల్చుకోవాలి. దోస్తులు నలుగురే కూర్చుని ఆడే రూమ్‌కైతే రూమ్‌కొక సంచి చాలు. ముక్కూముఖం తెలియనివాళ్లు వస్తూ పోతూ ఉండే రూముల్లో అది పనిచేయదు. రూమ్‌కు అది కొత్త ట్రాకే, కానీ ఇప్పుడే లోపలికి వచ్చిన మనిషి దాన్ని పక్క రూమ్‌లో ఆడి వచ్చి ఉంటాడు. అందుకని సర్వర్‌లో ప్రతి ఆటగాడి పేరు మీద చివరి నాలుగు ట్రాకులు రాసి ఉంచండి. ప్రతి ట్రాక్‌కు 100 బరువుతో (బరువు ఎక్కువుంటే వచ్చే అవకాశం ఎక్కువ) మొదలుపెట్టి, రూమ్‌లో దాన్ని ఈమధ్యే ఆడిన ప్రతి మనిషికీ సగం చేస్తూ పోండి. ముగ్గురు ఆడి ఉంటే 12.5కు దిగుతుంది. 5 కంటే కిందికి మాత్రం పోనివ్వకండి, లేకపోతే రద్దీ ఎక్కువున్న రాత్రివేళ తీయడానికి ట్రాకే మిగలదు. ఆ బరువుల ప్రకారం ఒకటి తీయండి.

ఇంకొక్కటి. మూడు వేర్వేరు ట్రాకులే వచ్చినా మూడూ రాత్రిపూట సిటీ రోడ్లే అయితే ఆడేవాడికి అవి ఒకటే. ప్రతి ట్రాక్‌కు మూడు గుర్తులు తగిలించండి: వేగమా మలుపులా, తారు రోడ్డా మట్టా, పగలా రాత్రా. వరుసగా వచ్చే రెండు ట్రాకులు వీటిలో కనీసం రెండింట తేడాగా ఉండాలి. సంచి పైనున్న నాలుగింటిని చూసి, ఈ షరతుకు సరిపోయే మొదటిదాన్ని తీయండి. ఏదీ సరిపోకపోతే పైదే తీయండి. నాలుగు దాటి వెతకొద్దు. సంచి మొత్తం వెతికితే ఒకే రకానివి అడుగున పేరుకుపోయి చివరి నాలుగైదు రేసులు ఒకేలా నడుస్తాయి.

ప్రశ్న: మా గేమ్‌లో ఆటగాళ్లే ఓటు వేసి ట్రాక్ ఎంచుకుంటారు. పన్నెండు మంది ఆడొచ్చు. నెల తిరగకముందే 14 ట్రాకుల్లో మూడే ఆడుతున్నారు, మిగతావాటికి మేం పడ్డ కష్టం వృథా అయింది. ఓటు తీసేయాలా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: తీసేయకండి. ఎవరూ అడగకుండా ట్రాక్ వచ్చి మీద పడితే బయటికి వెళ్లిపోయేవాళ్లు పెరుగుతారు. ఓటు అడిగే తీరు మార్చండి.

ఇప్పుడు మీరు అన్ని ట్రాకులూ చూపించి, ఎక్కువ ఓట్లు పడ్డదాన్ని ఆడిస్తున్నారని అనుకుంటున్నాం. అట్లయితే పన్నెండు మందిలో ఏడుగురికి ఒకే ట్రాక్ ఇష్టమైతే రోజంతా అదే నడుస్తుంది. మిగతా అయిదుగురి ఓటుకు విలువ సున్నా. వాళ్లే ముందు ఆట మానేస్తారు.

మొదట, మెజారిటీ బదులు లాటరీ పెట్టండి. పడ్డ ఓట్లన్నీ చీటీలు, అందులోంచి ఒక చీటీ తీయాలి. 2008లో వచ్చిన నింటెండో కంపెనీ రేసింగ్ గేమ్ మారియో కార్ట్ వీ ఆన్‌లైన్‌లో ఇట్లాగే చేసింది. ఏడు, మూడు, రెండు ఓట్లు పడితే అవకాశాలు 58, 25, 17 శాతం. ఒక్క ఓటు పడ్డ ట్రాక్ కూడా రావచ్చు, కాబట్టి ఓటు వేయడానికి ప్రతివాడికీ కారణం ఉంటుంది. చక్రం తిరిగి ఆగే బొమ్మ రెండు మూడు సెకన్లు చూపించండి. అది చూపకుండా ఫలితం ఒక్కటే పెడితే తక్కువ ఓట్లది గెలిచినప్పుడు మోసమని గోల చేస్తారు.

ఆ తర్వాత 14నూ చూపించడం మానండి. మూడు ట్రాకులు, వాటి పక్కన "ఏదైనా సరే" అనే నాలుగో గడి చాలు. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో 2017లో 48 ట్రాకులుండేవి. తర్వాత అదనపు ట్రాకులు విడతలుగా చేరి 2023కల్లా 96 అయ్యాయి. అయినా ఆన్‌లైన్‌లో ఆటగాడికి ఒక్కసారి కనిపించేవి మూడు, నాలుగోది రాండమ్ గడి. ఆ మూడింటిని పై జవాబులో చెప్పిన సంచిలోంచి తీయండి. అప్పుడు లెక్క ఎట్లా మారుతుందో చూడండి. మీ 14 ట్రాకుల్లో ఎక్కువమందికి ఇష్టమైన ట్రాక్ ఆ మూడింటిలో కనబడే అవకాశం సుమారు 21 శాతం. కనబడినప్పుడు ఏడుగురూ దానికే వేసినా లాటరీలో 58 శాతం. రెండూ కలిస్తే వందకు పన్నెండు పదమూడు రేసులు. ఇష్టమైనది అందుతూనే ఉంటుంది, మిగతావాటికీ తావు దొరుకుతుంది.

"ఏదైనా సరే" గడిని అలుసుగా తీసుకోకండి. అది గెలిచినప్పుడు పైన చూపిన మూడూ కాకుండా నాలుగోది రావాలి, లేదంటే ఆ గడి ఉండి లాభం లేదు. దాని వెనక ఏం పెట్టారన్నది ఆటగాళ్లు త్వరగానే పసిగడతారు. 2025 జూన్‌లో వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌లో ఇదే జరిగింది. అందులో చూపించే మూడు ఎంపికల్లో ఎక్కువగా ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు దారి వెంట పోయే రేసులే వచ్చేవి. మామూలు మూడు ల్యాపుల రేసు కావాలనుకున్నవాళ్లు రాండమ్ గడికి ఓటు వేయడం మొదలుపెట్టారు, ఎందుకంటే అక్కడ అవి దొరికేవి. అదే నెలలో ఇచ్చిన అప్‌డేట్‌లో రాండమ్‌లో ల్యాపుల రేసు పడటాన్ని తగ్గించేశారు, దాంతో ఆటగాళ్లు గట్టిగానే అసంతృప్తి చెప్పారు. జనం గుంపుగా ఒక పక్కదారి పట్టారంటే అది వాళ్లు అడుగుతున్న కోరిక. ఆ దారి మూసేకంటే ఆ కోరికకు ముందుతలుపున ఒక గడి ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం.

ఓటుకు 15 సెకన్లు చాలు. అందరూ వేసేస్తే వెంటనే ముగించండి. వేయనివాళ్ల చీటీని లెక్కలోకే తీసుకోవద్దు. "ఏదైనా సరే"లో కలిపితే ఫోన్ పక్కన పెట్టి చాయ్‌కి పోయినవాళ్లే ట్రాక్ తేల్చినట్టవుతుంది. ఎవరు దేనికి వేశారో వేస్తున్నప్పుడే చూపించాలా? దోస్తుల రూమ్‌లో చూపించండి, అదో సరదా. తెలియనివాళ్ల రూమ్‌లో చూపిస్తే మొదటి రెండు ఓట్లు పడ్డవైపే మిగతావాళ్లూ పోతారు.

ప్రశ్న: గేమ్ విడుదల చేయడానికి కనీసం ఎన్ని ట్రాకులుండాలి?
– గోదావరిఖని

జవాబు: బాగా చేసినవి ఎనిమిది. రేసు 2 నిమిషాలు, ఓటు, లోడింగ్, ఫలితాలు కలిపి ఇంకో నిమిషం అనుకుంటే గంటకు 20 రేసులు. ఎనిమిది ట్రాకులతో ఒక్కొక్కటి గంటలో రెండు మూడుసార్లు వస్తుంది. అది విసుగు పుట్టించదు, పైగా ట్రాక్ ఒంటబడుతుంది. నాలుగే ఉంటే అయిదుసార్లు, అరగంటకే ఆపేస్తారు. 1992 నాటి మొదటి మారియో కార్ట్‌లో 20, 1996 నాటి 64 వెర్షన్‌లో 16 ఉండేవి. ఆ అంకె చూసి భయపడకండి. వాటి వెనకున్న మందిని, మీ నలుగురిని పోల్చుకోవద్దు.

అందరినీ ఒకే ట్రాక్ మీద కావాలనే ఉంచే గేములూ ఉన్నాయి. ఐరేసింగ్‌లో ఒక సీజన్ 12 వారాలు, ఒక్కో సిరీస్‌కు వారానికో ట్రాక్. 2020 ట్రాక్‌మేనియాలో ఆటగాళ్లు తయారుచేసిన ట్రాకుల్లోంచి రోజుకొకటి. వారమంతా సాధన చేసి సెకనులో పదో వంతు తగ్గించుకోవాలనుకునేవాళ్లకు అది సరిపోతుంది. రాత్రి అన్నం తిన్నాక ఓ అరగంట ఆడుకునేవాళ్లకు సరిపోదు. మీది ఎవరి కోసమో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: ఉన్న ఆరు ట్రాకులనే తిప్పి రివర్స్‌లో పెట్టి పన్నెండు చేద్దామనుకున్నాం. ల్యాపులు లెక్కకు రావడం లేదు, కార్లు ఇరుక్కుంటున్నాయి. అద్దంలో చూసినట్టు ఎడమ కుడి మార్చడం సులభమా?
– డిప్లొమా విద్యార్థులు, మంచిర్యాల

జవాబు: సులభమే. రివర్స్ కూడా సాధ్యమే కానీ పని ఎక్కువ.

ల్యాపు సంగతి ముందు చూద్దాం. 12 చెక్‌పాయింట్లు (కారు వరుసగా దాటాల్సిన చోట్లు) 0 నుంచి 11 వరకు ఉన్నాయనుకోండి, 0 అంటే స్టార్ట్ గీత. జాబితాను మొత్తంగా తిరగేస్తే 11, 10, 9 అనుకుంటూ వచ్చి గీత చివరికి పోతుంది. గేమ్ మొదటి దానికోసం చూస్తుంటుంది, కారు గీత దాటుతుంది, లెక్క తప్పుతుంది. 0ను ఉన్నచోటే ఉంచి మిగతావి తిప్పండి: 0, 11, 10, అట్లా 1 దాకా. ప్రతి చెక్‌పాయింట్ ముఖాన్ని 180 డిగ్రీలు తిప్పాలి. మీ కోడ్ కారు వెళ్లే దిశను దాని ముఖంతో పోల్చి చూస్తుంటే తిప్పనిది ప్రతిదీ "తప్పు దారి" అని అరుస్తుంది. కారు పడిపోయాక మళ్లీ నిలబెట్టే చోట్లకూ ఇదే మాట. స్టార్ట్ గడులను గీతకు అవతలి వైపుకు మార్చాలి.

ఇరుక్కోవడానికి కారణం నేల. ఎగిరే ర్యాంపు ఒకవైపు వాలుగా, వెనక నిలువుగా ఉంటుంది. తిరిగి వస్తే అది గోడ. ఎత్తునుంచి దూకే చోటైతే ఎక్కడానికి దారే లేదు. వేగం పెంచే పట్టీలు ఎదురు తోస్తాయి. ఇంకా కనిపించని ఇబ్బంది మలుపు బయటి వైపు ఉంటుంది. ముందుకు వెళ్లేటప్పుడు బ్రేక్ తప్పితే జారడానికి ఖాళీ వదిలారు, రివర్స్‌లో ఆ ఖాళీ మలుపుకు ముందు మిగిలిపోయి, అవసరమైన చోట గోడ వస్తుంది. అందుకని ఆరింటినీ తిప్పకండి. దూకుళ్లు లేని రెండు మూడు ట్రాకులు ఎంచుకొని వాటినే మనసుపెట్టి తిప్పండి. దారి గుర్తుల బోర్డులు, కంప్యూటర్ నడిపే కార్ల గీత మర్చిపోవద్దు.

అద్దం రకానికి ట్రాక్‌ను ముట్టుకోవద్దు. మైనస్ స్కేల్ పెట్టి మోడల్‌ను తిప్పితే ఢీకొనే ఆకారాలూ, ముందే వేసిన నీడలూ తేడా కొడతాయి. బదులుగా గీసిన చివరి బొమ్మను అడ్డంగా తిప్పండి, స్టీరింగ్‌ను తిరగేయండి. వేగం మీటరు, మ్యాపు, బటన్లు బొమ్మ తిప్పాక గీయాలి. ఎడమ కుడి శబ్దాలు మార్చడం చాలామంది మర్చిపోతారు. వెనకనుంచి ఎడమకు వచ్చే కారు కుడి చెవిలో వినబడితే గుద్దుకోవడం ఖాయం. అక్షరాలున్న బోర్డులకు తిరగేసిన బొమ్మ ఇంకోటి పెట్టుకోండి. లోపల లెక్కలన్నీ పాతవే కాబట్టి సర్వర్‌కు ఒక్క గుర్తు పంపితే చాలు.

సంచిలో వేసేటప్పుడు మాత్రం ట్రాకూ దాని రివర్సూ అద్దమూ ఒకే కుటుంబం. ఒకటి ఆడాక కనీసం నాలుగు రేసుల దాకా రెండోది రాకూడదు.

ప్రశ్న: మన ఊరి చోట్లతోనే ట్రాకులు చేయాలని మా కోరిక. ఖిల్లా వరంగల్, లక్నవరం, రామగుండం ఓపెన్‌కాస్ట్, కాజీపేట–హనుమకొండ రోడ్డు అనుకున్నాం. ఇవి నాలుగూ వేరువేరుగా అనిపిస్తాయా?
– వరంగల్

జవాబు: బొమ్మకు వేరే. చేతికి వేరేగా అనిపించాలంటే ప్రతి ట్రాక్‌కు నాలుగు అంకెలు రాసుకోండి: ల్యాపులో ఎంత శాతం సేపు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంటుంది, ఎన్నిచోట్ల బ్రేక్ వేయాలి, అతి ఇరుకు చోటు వెడల్పెంత, మొత్తం ఎక్కుడెంత. రెండు ట్రాకులకు వీటిలో మూడు దాదాపు ఒకటే వస్తే అవి రంగు మార్చిన ఒకే ట్రాక్. అసలు సర్క్యూట్లలో తేడా ఎంతుంటుందో చూడండి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లకు 16 మలుపులు, అంటే 320 మీటర్లకొకటి. 2023లో ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు కోసం హుస్సేన్‌సాగర్ పక్కన వేసిన దారి సుమారు 2.8 కిలోమీటర్లకే 18 మలుపులు, 160 మీటర్లు కూడా పోకముందే ఒకటి.

మీ నాలుగింటిలో ఖిల్లా మీద మాకు ఎక్కువ ఆశ ఉంది, ఎందుకంటే ఆ కోట కట్టుబడిలోనే ట్రాక్ ఉంది. బయట మట్టికోట, లోపల రాతికోట, నడిమధ్య నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. మట్టికోటకూ రాతికోటకూ మధ్య గుండ్రంగా పోయే దారిని 14 మీటర్ల వెడల్పు చేసి, స్టార్ట్ అక్కడ పెట్టండి. ఒకే దిక్కుకు వంగుతూ పోయే పొడవాటి వేగమైన వంపు అది. తర్వాత రాతికోట ద్వారం. ఆ ద్వారాలు సూటిగా లోపలికి తెరుచుకోవు. లోపలికి రాగానే గోడ ఎదురై పక్కకు తిరగాలి, దూసుకొచ్చే శత్రువును ఆపడానికి అట్లా కట్టారు. మీకు అదే రెండు లంబకోణపు మలుపులు. వెడల్పు 8 మీటర్లకు తగ్గించండి. వేగం మీద వచ్చినవాడు గట్టిగా బ్రేక్ కొట్టాల్సిందే. రాతి ద్వారపు నీడలోంచి బయటపడగానే తోరణాలు కళ్లముందు కనబడేలా కెమెరా దిక్కు సరిచూసుకోండి.

ఇక్కడ తప్పు జరిగేది మొదటి ల్యాపులో. స్టార్ట్‌కు దగ్గర్లో ద్వారం ఉంటే ఎనిమిది కార్లు ఒక్కసారే వచ్చి దానికి అడ్డం పడతాయి. స్టార్ట్ నుంచి ద్వారానికి కనీసం 600 మీటర్లు ఉండాలి, అప్పటికి కార్లు వరుసగా సాగుతాయి. ద్వారం గోడలకు తగిలితే కారు ఆగిపోకుండా జారేలా ఘర్షణ తగ్గించండి. తోరణాలకూ శిల్పాలకూ కార్లు తగలనివ్వవద్దు, వాటి చుట్టూ పచ్చిక వదిలి దారిని పక్కనుంచి పోనివ్వండి. వేయిస్తంభాల గుడి, రామప్ప లాంటివి దూరపు దృశ్యంగానే ఉండాలి. గుడి మండపంలోంచి కారు పోవడం మనవాళ్లెవరికీ నచ్చదు.

లక్నవరంలో ఉయ్యాల వంతెనను ఇరుకు అడ్డదారిగా, చెరువుగట్టు వెంట పొడవైన దారిని వెడల్పుగా చేయండి. రెండింటి మధ్య తేడా సెకను దాటితే అందరూ వంతెనకే పోతారు, అర సెకను లోపే ఉంచండి. రామగుండం గనిలో మెట్లుమెట్లుగా కిందికి దిగే మట్టిదారులు ఎక్కుడు దిగుడు ట్రాక్‌కు సరిపోతాయి, జారుడు కూడా దొరుకుతుంది. కాజీపేట రోడ్డును గట్టి మలుపుల సిటీ ట్రాక్‌గా వదలండి. ఈ నాలుగు నాలుగు రకాలే. మొదటి జవాబులోని గుర్తులు తగిలిస్తే ఏ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చినా విసుగు రాదు.

ప్రశ్న: మా నెట్ సెంటర్ పిల్లల ఫోన్లు 3 జీబీ రామ్‌వి. ట్రాక్ మారేటప్పుడు గేమ్ మూసుకుపోతుంది. కొందరు కొత్త ట్రాకులు డౌన్‌లోడే చేసుకోలేదు.
– జగిత్యాల

జవాబు: పాత ట్రాక్ దించకముందే కొత్తది ఎక్కిస్తున్నారు, అందుకే మూసుకుపోతోంది. ఫలితాల పేజీకి రాగానే పాతదాన్ని పూర్తిగా దించండి. ఓటు జరుగుతుండగా మూడింటినీ ముందే ఎక్కించాలన్న ఆలోచన కూడా మానండి. రోడ్డు, చెట్టు, రెయిలింగ్ లాంటి ఉమ్మడి బొమ్మలు మెమరీలో ఉంచుకొని, ట్రాక్‌కు ప్రత్యేకమైనవి ఫలితం తేలాకే తెప్పించండి. చక్రం తిరగడం, కారు ఎంచుకోవడం కలిపి పది సెకన్లు దొరుకుతాయి. బొమ్మలు కుదించారో లేదో చూడండి: 2048 కొలత బొమ్మ కుదించకపోతే 16 ఎంబీ, ఏఎస్‌టీసీ అనే కుదింపు పద్ధతి 6×6లో 1.8 ఎంబీ.

డౌన్‌లోడ్ సంగతికి: రూమ్‌లోకి వచ్చేటప్పుడే ప్రతి ఫోన్ తన దగ్గరున్న ట్రాకులు, వాటి వెర్షన్ సర్వర్‌కు చెప్పాలి. చూపించే మూడూ అందరి దగ్గరా ఉన్నవాటిలోంచే తీయాలి. కానీ ఒక్కడి దగ్గర నాలుగే ఉంటే రూమ్ మొత్తం నాలుగుతోనే ఆడాల్సివస్తుంది. అందుకని పునాదిగా ఎనిమిది ట్రాకులు గేమ్‌తోపాటే రావాలి, అవి లేనివాడు ఉండకూడదు. మిగతావి ప్లే స్టోర్ అసెట్ డెలివరీలో "ఇన్‌స్టాల్ అయిన వెంటనే" రకంగా పెట్టండి, ఆటగాడు మొదటి రేసు ఆడేలోపు వెనక దిగుతుంటాయి. తేలిన ట్రాక్ పేరును సర్వరే పంపాలి. రాండమ్ సీడ్ (రాండమ్ లెక్క మొదలయ్యే అంకె) పంపి ఎవరికి వారు లెక్క వేసుకోమంటే ఒక్క ఫోన్‌లో జాబితా వరుస తేడా ఉన్నా ఇద్దరు వేర్వేరు ట్రాకుల్లో తేలతారు. ముప్పావు వంతు మంది సిద్ధమయ్యాక 15 సెకన్ల గడియారం పెట్టండి. అప్పటికీ రానివాళ్లు ఆ రేసు చూస్తారు, తర్వాతి దాంట్లో ఆడతారు.

ప్రశ్న: కాలేజీ ఫెస్ట్‌లో రెండు జట్ల మధ్య ఫైనల్. ట్రాకులు ఎట్లా ఎంచాలి?
– కాజీపేట

జవాబు: ఏడు ట్రాకులు వారం ముందే ప్రకటించండి, లేకపోతే ఆ గేమ్ కొత్తగా కొన్నవాళ్లు సాధన చేయలేరు. ఆ రోజు బొమ్మాబొరుసు వేసి గెలిచిన జట్టు జాబితాలోంచి ఒక ట్రాక్ కొట్టేస్తుంది, రెండోది ఇంకోటి కొట్టేస్తుంది. తర్వాత ఒక్కో జట్టు ఒక్కోటి ఎంచుకుంటుంది. మిగిలిన మూడింటిలో మళ్లీ ఒక్కోటి కొట్టేస్తే ఒకటి మిగులుతుంది, అది చివరి రేసు. మూడు రేసులకు రెండు జట్ల మాటా సమానంగా చెల్లుతుంది. ట్రాక్ తేలాకే కారు ఎంచుకోనివ్వండి. ముందే కారు తీసుకుంటే ట్రాక్ అదృష్టమే ఫలితం చెబుతుంది.

ప్రశ్న: ఒక ట్రాక్‌ను ఎవరూ ఎంచుకోవడం లేదంటే అది బాగాలేదనే అర్థమా?
– హనుమకొండ

జవాబు: ఎన్నిసార్లు ఆడారన్న అంకెతో ఏమీ తేలదు. ఎన్నిసార్లు చూపించారు, చూపినప్పుడు దానికి ఎన్ని ఓట్లు పడ్డాయి అన్న రెండూ రాసుకొని భాగించండి. మూడు ట్రాకులూ రాండమ్ గడీ ఉన్నప్పుడు సమాన వాటా 25 శాతం. 10 లోపు ఉన్నవాటిని పక్కకు తీసి మూడో అంకె చూడండి: ఆ ట్రాక్ తేలిందని తెలియగానే ఎందరు రూమ్ వదిలారు, రేసు మధ్యలో ఎందరు వదిలారు. తేలగానే వదిలితే పేరో, చిన్న బొమ్మో, పాత చెడ్డ అనుభవమో కారణం. ముందు ఆ బొమ్మ మార్చి చూడండి. మధ్యలో వదిలితే ట్రాక్‌లోనే లోపం. ఎక్కువమంది ఏ చెక్‌పాయింట్ దాటాక వదిలారో చూసి అక్కడ మీరే పదిసార్లు నడపండి. గోడకు ఇరుక్కోవడం, పడిపోయాక మళ్లీ నిలబడటానికి మూడు సెకన్లకు మించి పట్టడం, మలుపు కనబడకముందే రావడం, మామూలుగా ఈ మూడింటిలో ఒకటి దొరుకుతుంది. సరిచేసిన ట్రాక్‌కు రెండు వారాలపాటు బరువు 100 బదులు 150 ఇవ్వండి. మారిందన్న సంగతి జనం కంటపడాలి కదా.